గడ్డంటే ఏ గడ్డ?

పోయిన వారం పొద్దున్నే ఫోను. ఎప్పుడో నా దగ్గర ఇంటర్ జువాలజీ చదువుకున్న కుర్రాడు.

"మేడమండీ, మా బాబాయికి తలలో గడ్డంటండీ. స్కానింగులో తేలిందండి. మీ ఇంట్లో రెండుసార్లు చూసేరు కదాని మీకు చేసేనండి."

"పేరేం రాశారు?" అన్నాను.

"బాబాయి పేరాండీ?"

"కాదయ్యా, గడ్డ పేరు."

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లిగా, "గడ్డకి పేరేటండీ?" అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పు పట్టను. ఆ ప్రశ్న అడగడం నాకూ పదేళ్ళ కిందట తెలీదు. మన భాషలో గడ్డ కట్టని వస్తువు లేదు. పెరుగు గడ్డ కడుతుంది, నెత్తురు గడ్డ కడుతుంది, దుక్కిలో మట్టిగడ్డ, చంకలో సెగగడ్డ, చేలో తుంగగడ్డ. తలలో ఏది కనపడినా అదే మాట. ఆ మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: "ఎన్నాళ్ళన్నారు?" నా గొడవంతా ఆ ప్రశ్నతోనే. మా ఇంట్లో ఈ ఒక్క మాట మమ్మల్ని రెండుసార్లు తప్పుదారి పట్టించింది. మొదటిసారి బతికే మనిషిని వదిలేసుకోబోయాం. రెండోసారి, బతకడని తెలుసుకోవాల్సిన చోట తెలుసుకోకుండా ఏడాది గడిపేశాం.

మా దొడ్డమ్మది అంబాజీపేట దగ్గర పల్లె. 2014 వేసవిలో వాళ్ళింట్లో పనసకాయ పండింది. పనస పండితే కబురు పెట్టక్కర్లేదు, వీధి చివర ఉన్నవాడికి కూడా తెలిసిపోతుంది. దొడ్డమ్మ ఆ కాయ పక్కనే పీట వేసుకు కూచుని రెండ్రోజులు బియ్యం ఏరుకుంది, పండిందని తెలీలేదు. మూడో రోజుకి కుళ్ళింది. మేం నవ్వుకున్నాం. తర్వాత పాలు మాడేవి, కూర అడుగంటేది, ఆవిడ పొయ్యి ముందే ఉండేది. ఆ తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. ఎవరొచ్చినా "ఆఁ" అనేది, అంతే. ఊరందరి పుట్టింటి కథలూ కంఠతా వచ్చిన మనిషి! చీర తడిసినా పట్టించుకునేది కాదు.

వయసన్నాం. చాదస్తమన్నాం. ఆర్‌ఎంపీ బలానికి ఇంజక్షన్లు ఇచ్చాడు. చూపు మందగించిందంటే కొత్త కళ్ళజోడు వచ్చింది. గాలి సోకిందని ఎవరో అంటే జబ్బకి తాయెత్తు కూడా ఎక్కింది. రెండేళ్ళు ఇలా నడిచాక 2016లో ఒక పొద్దున్న పొయ్యి దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయింది. చేతిలో తాళాలగుత్తి పెట్టారు, నోట్లో చెంచా దూర్చారు. ఇక్కడ ఒక్క మాట పక్కదారి పట్టి చెప్పాలి: ఇనప తాళానికి ఫిట్స్‌ని ఆపే గుణమేమీ లేదు. ఫిట్స్ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, ఆ పేరు తాళాలకొస్తుంది. మనిషిని పక్కకి ఒత్తిగిలించి, చుట్టూ తగిలేవి తీసేసి, గడియారం చూడాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే 108. పెద్దవయసులో మొట్టమొదటిసారి ఫిట్స్ వస్తే మాత్రం, అది తగ్గిపోయినా సరే, తలకి స్కానింగ్ తీయించాల్సిందే.

అమలాపురంలో సీటీ, తర్వాత కాకినాడలో మందు ఎక్కించి ఎమ్మారై. నుదుటి ఎముక వెనకాల, సరిగ్గా ముక్కు మొదలుకి పైన, బత్తాయికాయంత గడ్డ. వాసన మోసే నరాలు వెళ్ళే దారి అదే. పనసపండు వాసన రెండేళ్ళ కిందటే చెప్పింది, మేం వినలేదు.

ఆ రాత్రి అరుగు మీద పంచాయితీ జరిగింది. అరవై ఆరేళ్ళు. తలకాయ తెరిస్తే మనిషి మిగలదు, మిగిలినా మనిషిలా మిగలదు. ఉన్నన్నాళ్ళు కళ్ళముందు ఉంచుకుందాం. ఈ చివరి మాట అన్నది నేనే. ఏటా బోర్డు మీద మెదడు బొమ్మ గీసి పాఠం చెప్పే నేను. మర్నాడు ఫిల్ములు తెచ్చేసుకుందామని వెళ్తే, సర్జన్ ఒక బొమ్మని దీపానికి పట్టి వేలు పెట్టి చూపించాడు. "ఇది మెదడు కాదమ్మా. మెదడు మీది పొరలోంచి పుట్టి, మెదడుని నొక్కుతోంది. మెదడు ఇదిగో, వెనక్కి జరిగిపోయి ఇక్కడుంది. దీన్ని మెనింజియోమా అంటారు."

పుర్రె లోపల పుట్టే గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఆడవాళ్ళలో ఎక్కువ. వీటిలో చాలా భాగం క్యాన్సర్ కాదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. ఈ పేరు పెట్టింది అమెరికా సర్జన్ హార్వే కుషింగ్, 1922లో. అంటే మేం అరుగు మీద తీర్పులు చెప్పుకుంటున్న నాటికి దానికి పేరొచ్చి తొంభై నాలుగేళ్ళయింది.

అంత గడ్డ పెట్టుకుని రెండేళ్ళు తలనొప్పి కూడా లేకుండా ఎలా తిరిగిందని అత్తయ్య అడిగింది. కొబ్బరిపువ్వు తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొలకెత్తిన కాయలో పువ్వు పెరిగే కొద్దీ నీళ్ళు తగ్గుతాయి, టెంక మాత్రం ఇసుమంత పెరగదు. పుర్రెలోనూ మెదడు, నెత్తురు, మెదడు చుట్టూ తిరిగే నీరు ఉంటాయి. గడ్డ నెమ్మదిగా పెరిగితే ఆ నీరూ, సిరల్లో నెత్తురూ కొంచెం కొంచెంగా పక్కకి తప్పుకుని చోటిస్తాయి. ఇచ్చే చోటు అయిపోయిన రోజు నుంచి ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. పొద్దున్న లేవగానే తలనొప్పి, వాంతి, చూపు మసక. కంటి డాక్టరు కంటి వెనక భాగాన్ని లైటు వేసి చూస్తే నరం ఉబ్బు కనిపించేది. కళ్ళజోడు ఇచ్చిన చోట ఆ పరీక్ష చెయ్యలేదు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. బయాప్సీలో గ్రేడ్ 1, అంటే నెమ్మది రకం, అని వచ్చింది. పదో రోజున దొడ్డమ్మ కళ్ళు తిప్పి మా అన్నయ్యని, "దూడని ఎవరు కడుతున్నార్రా?" అంది. రెండేళ్ళలో ఆవిడ తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న. వాసన తిరిగి రాలేదు, ఇక రాదన్నారు. ఆవకాయ ఇప్పటికీ ఆవిడే కలుపుతుంది, ఆవఘాటు సరిపోయిందా లేదా అన్నది కోడలు చెప్పాలి. అందరి గడ్డా ఇంత శుభ్రంగా రాదు. పెద్ద నెత్తుటి గొట్టానికో నరానికో అతుక్కుంటే అక్కడ పలచగా వదిలేసి, మిగిలినదానికి గురి చూసి రేడియేషన్ ఇస్తారు. చిన్నదై, ఏ బాధా పెట్టకపోతే ఆపరేషనే చెయ్యరు, ఏడాదికోసారి ఎమ్మారై తీసి చూస్తుంటారు.

తలకాయ తెరిస్తే మనిషి మిగలడన్న భయం మూఢనమ్మకం కాదు, అది పాతబడిపోయిన నిజం. 1884లో లండన్లో రిక్‌మన్ గాడ్లీ అనే సర్జన్ మెదడులోంచి కణితి తీస్తే, ఆ కుర్రవాడు నెల తిరక్కుండా ఇన్ఫెక్షన్‌తో పోయాడు. మన దేశంలో న్యూరోసర్జరీకంటూ ఒక విభాగం వచ్చింది 1949లో, వెల్లూరు సీఎంసీలో, జేకబ్ చాందీ మొదలుపెట్టారు. బతికున్న మనిషి తలకి మొట్టమొదటిసారి సీటీ తీసింది 1971లో. దానికి ముందు సర్జన్ దాదాపు చీకట్లో వెతుక్కోవడమే. మా అమ్మమ్మ కాలానికి ఆ భయం సరైనదే. మేం దాన్ని పొలంతో పాటు వారసత్వంగా తీసుకున్నాం, తేదీ చూసుకోలేదు.

పేరు తెలిస్తే వైద్యం ఎంత మారిపోతుందో చూడండి. పిట్యూటరీ గ్రంథి మీద వచ్చే ఒక రకం, ప్రొలాక్టినోమా, చాలామందికి మాత్రలతోనే కుంచించుకుపోతుంది. ఆ గ్రంథి మీద వచ్చే మిగతా రకాలకి ఆపరేషన్ కావాలంటే సాధారణంగా ముక్కులోంచే వెళ్ళి తీస్తారు, పుర్రె తెరవరు. పెద్దవాళ్ళలో మెదడులో పుట్టినవాటికన్నా, ఊపిరితిత్తిలోనో రొమ్ములోనో పుట్టి మెదడుకి చేరినవే ఎక్కువ. అక్కడ అసలు రోగం వేరే చోట ఉంది. పిల్లల్లో చిన్నమెదడు దగ్గర వచ్చేవి నీరు పోయే దారికి అడ్డంపడతాయి. మురుగుకాలవకి గుర్రపుడెక్క అడ్డుకుంటే చేను మునిగినట్టు తలలో నీరు నిలుస్తుంది, ముందు ఆ నీటికి దారి చెయ్యాలి. ఇవన్నీ అలా ఉంచితే, మన దేశంలో స్కానింగులో కనిపించే గడ్డ అసలు ట్యూమరే కాకపోవచ్చు. మా కాలేజీలో ఒక పిల్లకి ఫిట్స్ వచ్చి తలలో గడ్డని తేలితే, వాళ్ళ నాన్న పెళ్ళికని దాచిన డబ్బు ముందేసుకుని ఏడ్చాడు. తీరా అది టీబీ గడ్డ. ఏడాదిన్నర మాత్రలు మింగింది, ఇప్పుడు తణుకులో కాపురం. కడగని ఆకుకూరల మీంచి బద్దెపురుగు గుడ్డు కడుపులోకి పోయినా మెదడులో ఇలాంటి మచ్చే వస్తుంది, మాంసం ముట్టనివాళ్ళకి కూడా.

ఇక చిన్న మావయ్య.

దొడ్డమ్మకి తమ్ముడు, యాభై ఎనిమిదేళ్ళు. అంబాజీపేటలో కురిడీ, అంటే ఎండుకొబ్బరికాయల వ్యాపారం. రాశి చూసి ఎన్ని వేల కాయలో చెప్పగలడు. 2019 కార్తీకంలో లెక్క తప్పడం మొదలుపెట్టాడు. తర్వాత మాటలు తప్పాయి. ఫోను ఇయ్యమనడానికి "ఆ కురిడీ ఇలా ఇయ్యి" అన్నాడు. చెప్పులూ కురిడీయే, మంచినీళ్ళూ కురిడీయే. వేళాకోళమనుకున్నారు. మూడు వారాల్లో కుడిచెయ్యి బరువెక్కింది. దొడ్డమ్మకి రెండేళ్ళు పట్టిన దూరం ఈయన మూడు వారాల్లో వచ్చేశాడు. ఆ వేగమే సగం సంగతి చెబుతుందని ఇప్పుడు తెలుసు.

స్కానింగులో గడ్డ అని తేలితే ఈసారి మాలో ఎవరూ భయపడలేదు! "అక్కకి తగ్గలేదా? నాకూ తగ్గుద్ది," అని ఆయనే నవ్వుతూ కారెక్కాడు. మాట పుట్టే చోటుకి దగ్గర కాబట్టి ఆపరేషన్ మధ్యలో మెలకువ తెప్పించి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారట. మెదడుకి నొప్పి తెలీదు, అందుకే అది సాధ్యం. తీయగలిగినంత తీశారు. పది రోజులకి రిపోర్టు: గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్, గ్రేడ్ 4.

"ఎన్నో స్టేజి?" అని పెద్ద మావయ్య అడిగాడు. మెదడులో పుట్టిన గడ్డలకి మామూలుగా స్టేజీలు ఉండవు, గ్రేడే ఉంటుంది. ఎంత పాకిందన్నది కాదు, కణం స్వభావం ఎంత దుడుకన్నది. ఒకటి నెమ్మది, నాలుగు అన్నిటికన్నా దుడుకు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చాలా రకాలకి పేరు పెట్టడానికి సూక్ష్మదర్శినితో పాటు జన్యుపరీక్షలు కూడా కావాలి. అందుకే, స్కానింగ్ ఫిల్ముని దేవుడి పటంలా దాచుకుని బయాప్సీ కాగితాన్ని బీరువా అడుగున పడేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అసలు జాతకం ఆ కాగితంలో ఉంటుంది.

దొడ్డమ్మ గడ్డ గట్టున పెట్టిన రాయి. మావయ్యది వరిచేలో తుంగ. పైకి కనపడ్డది పీకేస్తే చేను శుభ్రంగానే ఉంటుంది, బురదలో గడ్డలు వరివేళ్ళతో పెనవేసుకుని అలాగే ఉంటాయి. వాటిని తియ్యాలంటే వరినీ పీకాలి. సర్జన్ చెయ్యి ఎంత మంచిదైనా సరే.

ఆపరేషన్‌కి ముందు జరిగిన ఒక తమాషా చెప్పాలి. ఆసుపత్రిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన మూడో రోజుకి మావయ్య చక్కగా మాట్లాడాడు, చెయ్యి లేచింది. అంతకు ముందు వారం ఎవరో ఇచ్చిన పొడిమందు వల్లనే అని అత్తయ్య నమ్మేసింది, డిశ్చార్జి చేసి పంపెయ్యమంది. ఆ మాత్ర గడ్డ చుట్టూ ఉన్న వాపుని దించుతుంది. గడ్డ ఉన్నచోటే ఉంటుంది. షుగరు పెంచుతుంది. ఎక్కువ రోజులు వాడాక ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు దించుకుంటూ రావాలి. నాటుమందుల పేరు చెప్పుకుని బతికేవాళ్ళలో కొందరికి ఈ స్టెరాయిడే అన్నం పెడుతోందని నా అనుమానం.

తర్వాత విశాఖలో గది అద్దెకి తీసుకుని ముప్పై సిట్టింగుల రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం, ఆరు వారాలు. ముఖానికి కొలత తీసి చేసిన ముసుగు బిగించి పడుకోబెడతారు. నొప్పి ఉండదు, నీరసం మాత్రం మనిషిని తినేస్తుంది. దాంతో పాటు రోజూ పరగడుపున టెమొజోలమైడ్ అనే కీమో మాత్ర, తర్వాత ఇరవై ఎనిమిది రోజులకి అయిదు రోజుల చొప్పున. ఈ పద్ధతి 2005లో రోజర్ స్టప్ బృందం 573 మంది మీద చేసిన అధ్యయనంతో స్థిరపడింది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో సగం మంది 12.1 నెలలు దాటారు, మాత్ర కలిపినవాళ్ళలో సగం మంది 14.6 నెలలు దాటారు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రెండేళ్ళు దాటినవాళ్ళు నూటికి పది నుంచి ఇరవై ఆరుకి పెరిగారు. ఆ ఇరవై ఆరులో మనం ఉండొచ్చు కాబట్టి మొదటి వైద్యం పూర్తిగా చేయించడం న్యాయమే. గడ్డ కణాల్లో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉంటే ఆ మాత్ర బాగా పనిచేస్తుంది. మావయ్యకి మూతపడలేదు. ఆ గీత రిపోర్టు రెండో పేజీలో ఉంది. తిప్పి చూసినవాళ్ళు లేరు, నేను కూడా.

మొదటి వైద్యానికి పొలం అమ్మాల్సిన పని రాలేదు. ఆపరేషన్లూ రేడియేషనూ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2007లో మొదలైన ఆ పథకమే పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పొలం అమ్మింది తొమ్మిదో నెలలో, గడ్డ మళ్ళీ వచ్చాక. వేరే నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి, పేరు చెప్పను. అక్కడ మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వాపు తగ్గించే ఖరీదైన ఇంజక్షన్ ఒకటి ఉంది, బెవాసిజుమాబ్. మనిషికి కొంత తెరిపినిస్తుంది, ఆయుష్షు పెంచుతుందని మాత్రం పెద్ద అధ్యయనాల్లో రుజువు కాలేదు. తెరిపి కోసం కొనుక్కోవడం వేరు, ప్రాణం కొనుక్కుంటున్నామని ఎకరంన్నర కొబ్బరితోట అమ్మడం వేరు. ఏది కొంటున్నామో తెలిసి కొన్నామా అన్నదే నా ప్రశ్న. డబ్బు లెక్క చూసుకోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఆ తోట అమ్మగా వచ్చిన దాంట్లో నాలుగోవంతుతో ఇంట్లోనే నర్సుని పెట్టుకుని, ఫిట్స్ మందులూ నొప్పి మందులూ సరిగ్గా ఇప్పించి ఉండొచ్చు.

ఎందుకొచ్చిందన్న ప్రశ్న మాత్రం ఊళ్ళో బాగా నడిచింది. గోడౌను వెనకున్న సెల్‌టవర్ మీద అర్జీ రాశారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆ తరంగాల్ని "కారణం కావచ్చేమో" అనే వరసలో పెట్టిన మాట నిజమే. అంతకు మించి గట్టిగా తెలిసిన కారణాలు రెండే. తలకి ఎప్పుడో పడిన ఎక్కువ మోతాదు రేడియేషన్ ఒకటి, కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులు రెండోది. ఎక్కువమందికి కారణం దొరకదు. ఆ అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను, పెట్టకపోతే అత్తయ్య బాధపడుతుందని.

ఇప్పుడు అసలు సంగతి. మావయ్యకి మేం చెప్పలేదు.

"చెబితే ఆ భయంతోనే పోతాడు" అన్నారు. ఈ వాదన నాకు తెలుసు, నేనూ కాసేపు నమ్మాను. కానీ ఆరు వారాల పాటు రోజూ మేం ఆయన్ని నడిపించుకెళ్ళిన గేటు మీద మనిషెత్తు అక్షరాలతో క్యాన్సర్ ఆసుపత్రి అని రాసుంది. బోర్డు చదవడం వచ్చినవాడి దగ్గర దాచామనుకున్నాం. ఆయన మా దగ్గర దాచాడేమో, ఎవరికి తెలుసు! ఇంకో సంగతి అప్పుడు నాకు తట్టలేదు. దొడ్డమ్మ గడ్డ నుదుటి వెనక. మావయ్యది ఎడమవైపు, మాట ఉండే చోట. అలాంటివాళ్ళకి చెప్పడానికి అదను చూద్దాం అనుకుంటే కుదరదు, ముందు పోయేది మాటే. పదకొండో నెలలో పెద్ద మావయ్య ధైర్యం చేసి పక్కన కూచున్నాడు. అన్నదమ్ములకి పదిహేనేళ్ళుగా ఒక సరిహద్దు గట్టు తగువు. గట్టు మీద మూడు కొబ్బరిచెట్లు, ఎవరివన్నది తేలలేదు. "ఒరే, ఆ గట్టు సంగతి..." అని మొదలెట్టాడు. చిన్న మావయ్య అన్న చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని చూశాడు. ముఖమంతా చెమట. చివరికి "కురిడీ" అన్నాడు. మళ్ళీ "కురిడీ, కురిడీ" అన్నాడు. నువ్వే తీసుకోమన్నాడో, నా పిల్లలకి వదిలెయ్యమన్నాడో, ఆ మాట ఎత్తొద్దన్నాడో! పదమూడో నెలలో పోయాడు.

దింపువాళ్ళు వచ్చినప్పుడల్లా ఇటు తోటా అటు తోటా దింపించి ఆ మూడు చెట్ల దగ్గర ఆగిపోతారు. పెద్ద మావయ్య దింపించడు, అత్తయ్యా దింపించదు. కాయలు వాటంతటవే రాలుతుంటాయి. మొన్న సంక్రాంతికి వెళ్తే గట్టు పొడుగునా మొలకలు.